కంప్యూటర్ కబుర్లు: ల్యాప్‌టాప్‌కి పరుపు పడదు

పోయిన వారం సెలవు రోజున సోనాపూర్ క్యాంపులో ఒక గదికి వెళ్ళాం. కింద నాలుగు, పైన నాలుగు, మొత్తం ఎనిమిది మంచాలు. జగిత్యాల వైపు తమ్ముడొకడు పై మంచం మీద బోర్లా పడుకుని, దుప్పటి మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఇంటికి వీడియో కాల్ చేస్తున్నాడు. అవతల రెండో తరగతి చదివే కూతురు బడిలో నేర్చుకున్న పద్యం అప్పజెప్తోంది. సగం కూడా కాకముందే ల్యాప్‌టాప్ టక్కున ఆగిపోయింది. "రోజూ గింతే అన్నా, ఇరవై నిమిషాలకు మించి నడుస్తలేదు" అన్నాడు. నైట్ డ్యూటీ చేసొచ్చి కింది మంచం మీద పడుకున్నాయన "ఆగితేనే మంచిగైంది. దాని మోతకు కన్ను మూతపడుతలేదు" అంటూ గోడవైపు తిరిగాడు.

నిజానికి ఇద్దరి బాధా ఒకటే. తమ్ముడు అప్పటికే ఒక దుకాణంలో చూపించాడట. మదర్‌బోర్డు పోయింది, 400 దిర్హాములు అవుతుందన్నారట. మేము ల్యాప్‌టాప్ ఎత్తి అడుగున చెయ్యి పెట్టి చూశాం. అప్పుడే దించిన పెనంలా ఉంది.

సంగతేమిటంటే, లోపలి ప్రాసెసర్ పనిచేస్తుంటే వేడి పుడుతుంది. ఆ వేడిని ఒక రాగి గొట్టం పక్కకు తీసుకుపోయి సన్నని లోహపు రేకుల వరుసకు అందిస్తుంది. ఫ్యాన్ ఆ రేకుల మీదుగా గాలి ఊది వేడిని బయటికి నెడుతుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో గాలి లోపలికి వెళ్ళే దారి అడుగునే ఉంటుంది. దాన్ని దుప్పటి మీదో పరుపు మీదో పెడితే ముక్కు మూసినట్టే. లోపల వేడి పెరిగినకొద్దీ ఫ్యాన్ ఇంకా గట్టిగా తిరుగుతుంది, అదే మోత. అప్పటికీ తగ్గకపోతే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఎండాకాలంలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా బయట పనిచేసే వాళ్ళకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు విరామం ఇస్తారు కదా, ఇదీ అలాంటిదే. చాలా ప్రాసెసర్లకు 100 డిగ్రీల దగ్గర హద్దు ఉంటుంది. అది దాటేలా ఉంటే కాలిపోకుండా యంత్రం తనంతట తానే ఆగిపోతుంది. తమ్ముడి ల్యాప్‌టాప్ చేస్తున్నది అదే. మదర్‌బోర్డు పోయిన లక్షణం కాదు.

వంట మూలన ఉన్న కూరగాయలు తరిగే చెక్క తెచ్చి దాని కింద పెట్టాం. వెనక వైపు రెండు సీసా మూతలు పెట్టి కాస్త ఎత్తు చేశాం. అంతే, కాల్ ఆగకుండా సాగింది. కానీ మోత పూర్తిగా పోలేదు. స్క్రూడ్రైవర్ తెప్పించి, ఆఫ్ చేసి, చార్జర్ పీకి, అడుగు మూత విప్పాం. లోహపు రేకుల ముందు దుమ్ము జంపఖానా ముక్కలా దట్టంగా పేరుకుని ఉంది. ఈ దేశంలో ఇసుక గాలి సంగతి మీకు చెప్పనక్కర్లేదు, దానికి దుప్పట్ల నూగు తోడైంది. ఫ్యాన్ తిరగకుండా పుల్లతో ఆపి, డబ్బాలో వచ్చే గాలిని కొంచెం కొంచెంగా కొట్టి శుభ్రం చేశాం. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ మాత్రం వాడకండి, స్టాటిక్ కరెంటుతో లోపలి భాగాలు పాడవుతాయి. విప్పడం చేతకాకపోతే దుకాణానికే ఇవ్వండి, కానీ "దుమ్ము తీసి, థర్మల్ పేస్ట్ మార్చండి" అని మీరే అడగండి. ప్రాసెసర్ మీద రాసే ఆ పేస్ట్ ఏళ్ళు గడిచేకొద్దీ ఎండిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి.

మోతలోనూ తేడా ఉంది. గాలి హోరు అయితే వేడి వల్ల. గరగర, టకటక అయితే ఫ్యాన్ బేరింగ్ అరిగింది, ఫ్యాన్ మార్చాల్సిందే. నూనె చుక్క వేస్తే నాలుగు రోజులు ఊరుకుంటుంది, మళ్ళీ మొదలు.

ఇక కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే ఏ ప్రోగ్రాం ఎంత పని చేయిస్తోందో కనిపిస్తుంది. కాల్ మాట్లాడుతూ వెనక సినిమా డౌన్‌లోడ్ పెట్టేవాళ్ళు అక్కడ ఒకసారి చూడండి. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 బదులు 99 చేస్తే చాలా ల్యాప్‌టాప్‌లలో అదనపు వేగం ఆగి, వేడీ మోతా రెండూ తగ్గుతాయి. కాల్స్‌కీ సినిమాలకీ ఆ వేగం అవసరమే లేదు.

మాకు నిజంగా భయం వేసింది మాత్రం పక్క మంచం మీద. ఇంకో అన్న ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో పెట్టి, దిండు కింద దోపి డ్యూటీకి పోయాడు. తీసి చూస్తే టచ్‌ప్యాడ్ పైకి ఉబికి ఉంది, మూత సరిగ్గా పడడం లేదు. అది బ్యాటరీ ఉబ్బిన గుర్తు. వేడి లిథియం బ్యాటరీకి శత్రువు. ఉబ్బిన బ్యాటరీని చార్జ్ చేయకూడదు, నొక్కకూడదు, గుచ్చకూడదు, చెత్తబుట్టలో పడేయకూడదు, మార్పించాలి. అంటుకుంటే ఎనిమిది మంది పడుకునే గది, ఒకటే తలుపు. సెలవుకి ఊరెళ్ళేటప్పుడు దాన్ని విమానంలో పట్టుకెళ్ళడం కూడా కుదరదు. మంచి ల్యాప్‌టాప్ అయినా చెకిన్ పెట్టెలో వేయకుండా చేతి సంచిలోనే పెట్టుకోండి.

ఏసీ గదిలో చల్లబడ్డ ల్యాప్‌టాప్‌ని ఆగస్టు ఉక్కలోకి తీసుకెళ్ళి వెంటనే ఆన్ చేయకండి. బయటికి రాగానే కళ్ళజోడు మసకబారినట్టే దాని లోపలా తేమ పడుతుంది, కాసేపు ఆగండి. ఒడిలో గంటలకొద్దీ పెట్టుకునేవాళ్ళకు తొడల మీద వలలాంటి ఎర్రటి మచ్చలు వస్తాయని డాక్టర్లు చెబుతారు, అదొకటి.

దిండు కింద పెట్టిన అన్న డ్యూటీ నుంచి వచ్చాక కొంచెం కోపపడ్డాడు, తర్వాత మాతోనే దుకాణానికి వచ్చాడు. జగిత్యాల తమ్ముడు నిన్న ఫోన్ చేశాడు. కాల్ గంటసేపు ఆగలేదట. పద్యం మాత్రం సగంలో పాపే మరిచిపోయిందట.