బల్లిని కొనేముందు దాని కంటిపాప చూడండి

చంద్రగిరి: బల్లి మీద పడితే తలస్నానం చేసి, దీపం పెట్టి, పంచాంగంలో ఫలం వెతికే ఊళ్లు మనవి. కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని, వెండి బల్లిని తాకి వచ్చినవారిని ముట్టుకుంటే దోషం పోతుందని నమ్మే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. అటువంటి ఇళ్లలోనే పిల్లలు సెల్‌ఫోనులో రంగురంగుల విదేశీ బల్లులను చూసి, “నాన్నా, పగలు తిరిగేది, చేతిలో కూర్చునేది ఒకటి కొనిపెట్టు” అని మారాం చేస్తున్నారు.

కోరిక తప్పు కాదు. కాని ఆ రెండు గుణాలూ ఒకే బల్లిలో దొరకడం బహు అరుదు. ఈ సంగతి తెలియక కొన్నవారికి డబ్బు నష్టం, ఆ మూగప్రాణికి ప్రాణ కష్టం.

బల్లి పగటి జీవా, రాత్రి జీవా అనేది చాలావరకు దాని కంటిపాపే చెబుతుంది. మన గోడమీది బల్లిని పగలు గమనిస్తే కంటిపాప పిల్లి కంటిలా నిలువు గీతగా కనిపిస్తుంది. అది రాత్రి వేటకు ఏర్పడిన కన్ను. కంటిపాప గుండ్రంగా ఉంటే అది సాధారణంగా పగలు తిరిగే జాతి.

పగటి బల్లులలో పేరుపడినది మడగాస్కర్ దీవి బల్లి. ఆకుపచ్చ ఒళ్లు, ఎర్రని మచ్చలు, పెద్దదైతే అడుగుకు కాస్త తక్కువ పొడవు. పురుగులతో పాటు పండ్ల రసం, పూల తేనె కూడా నాకుతుంది. చూడముచ్చటైనదే, కాని చేతికి ఇమిడేది కాదు. మెరుపులా పరుగెడుతుంది. గట్టిగా పట్టుకుంటే చర్మం ఊడి చేతికి వస్తుంది, తోక తెగిపోతుంది. అది కళ్లతో చూసి ఆనందించవలసిన ప్రాణి మాత్రమే.

చేతిలో నిదానంగా ఉండేదానికి పేరు లెపర్డ్ గెకో. ఒంటినిండా చిరుత మచ్చలు, కళ్లకు రెప్పలు ఉంటాయి. వేళ్లకు అంటుకునే మెత్తలు లేనందున గోడలెక్కి పారిపోలేదు. అందుకే మచ్చిక చేయడం సులభం. అయితే అది పొద్దుగూకాక గాని బయటికి రాదు. పిల్లవాడు బడికి వెళ్లే వేళకు నిద్రపోయి, చదువుకునే వేళకు లేస్తుంది. చూడటానికా, చేతిలోకి తీసుకోవడానికా అన్నది ముందే తేల్చుకోవాలి. పగలు తిరగాలనే పట్టుదలతో మడగాస్కర్ బల్లిని తెచ్చి రోజూ పట్టుకుంటే అది బెదిరి బెదిరి చస్తుంది.

ఖర్చు పెట్టెతో ఆగదు. ప్రాణమున్న పురుగులు, వాటిపై చల్లే కాల్షియం పొడి, పగటి బల్లికైతే ఎండకు బదులు ప్రత్యేకమైన దీపం కావాలి. కరెంటు పోయే పల్లెలో, ఎండాకాలం 40 డిగ్రీలు దాటే రేకుల ఇంట్లో ఆ పెట్టెను కాపాడటం మాటలు కాదు. లెపర్డ్ గెకో 15 నుంచి 20 ఏళ్లు బతకగలదు. ఏడో తరగతి పిల్లవాడు కొనిపించుకున్నది అతడు హాస్టలుకు వెళ్లాక తల్లి మెడకు చుట్టుకుంటుంది. తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. సాల్మొనెల్లా క్రిముల భయం ఉన్నందున అయిదేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వనే రాదు.

చట్టం సంగతీ ఉంది. మడగాస్కర్ పగటి బల్లులు అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం జాబితాలో ఉన్నాయి. అట్టి విదేశీ ప్రాణులను ఉంచుకున్నవారు 2024 నాటి నిబంధనల ప్రకారం ప్రభుత్వం వద్ద నమోదు చేయించుకోవాలి. ఏ జాతిని కొనదలచినా ముందుగా అటవీశాఖ రేంజి కార్యాలయంలో విచారించడం, అమ్మేవాడి వద్ద కాగితాలు అడగడం క్షేమం.

అంతకన్నా ముఖ్యం, డబ్బు లేదని కొండమీదికి పోరాదు. శేషాచలం రాతి నెరియల్లో ఉండే బంగారు బల్లిని 1870లో బెడ్డోమ్ అనే ఇంగ్లీషు అధికారి తిరుపతి కొండల నుంచే లోకానికి తెలిపాడు. అది కూడా రాత్రి జీవే. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చి రక్షించిన జాతి అది. ఆ షెడ్యూలు ప్రాణిని పట్టినట్లు రుజువైతే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు. ఎవరో అమ్ముకోవడానికి అడిగారని ఊరి కుర్రవాళ్లు రాళ్లు పెకలిస్తే వారి చదువు, ఉద్యోగం రెండూ గంగలో కలుస్తాయి.

పగలు కదిలేదాన్ని చూడాలనే పిల్లవాడికి చేను గట్టుమీది తొండను చూపవచ్చు. దారం కట్టి హింసించకుండా దూరం నుంచి చూడమని నేర్పాలి. రాత్రి వీధిదీపం కింద పురుగులను వేటాడే గోడబల్లి ఎలాగూ ఉంది. దానికి పెట్టె అక్కరలేదు, కాగితాలు అక్కరలేదు. ఒక ఏడాది దానిని ఓపికగా గమనించిన పిల్లవాడు ఆ తర్వాత కూడా అడిగితే, అప్పుడు తండ్రి ఆలోచించవచ్చు.