పాత కంప్యూటరా, పాత వీడియో గేమా?

ముందే చెప్పేస్తున్నా, ఇది చాలా పనికిమాలిన సమస్య. నా వయసు వాళ్ళంతా ఫ్లాట్ లోన్లు, పెళ్ళి సంబంధాలు అంటూ తలలు పట్టుకుంటుంటే, నేను మాత్రం నలభయ్యేళ్ళ నాటి రెండు ప్లాస్టిక్ డబ్బాల్లో ఏది కొనాలా అని మూడు వారాలుగా నిద్ర చెడగొట్టుకుంటున్నా. బోనస్‌లోంచి 30 వేలు పక్కన పెట్టా. ఒకటి కమోడోర్ 64, రెండోది నింటెండో వాళ్ళ పాత ఎన్‌ఈఎస్. రెండూ కొనుక్కోవచ్చుగా అంటారా? 30 వేలు అన్నానుగా :)

మా టీమ్‌లో ఒకాయన ఠక్కున తేల్చేశాడు. "రోజుకి పది గంటలు కంప్యూటర్ ముందేగా చచ్చేది, ఇంటికొచ్చి కూడా కంప్యూటరేనా? గేమ్ కొనుక్కో. క్యాసెట్ పెట్టు, ఆడు, పడుకో." వాదన గట్టిదే. నిజం చెప్పాలంటే ఒక వారం నేనూ అటే మొగ్గా.

కానీ మనం పొద్దున్నే లాగిన్ అయ్యేది కంప్యూటర్‌లోకేనా అని నాకో డౌటు. పోయిన నెల ఒక చిన్న బగ్ వచ్చింది. ఒక ఫీల్డు ఖాళీగా వస్తోంది. అది మా సర్వీసుకి ఇంకో సర్వీసు నుంచి వస్తుంది, దానికి ఒక క్యూ నుంచి, ఆ క్యూలోకి ఎవరో ఎప్పుడో రాసిన లైబ్రరీ నుంచి. నాలుగు రోజులు, మూడు టీములు, ఒక అర్ధరాత్రి కాల్. చివరికి ఎవరో ఏదో రీస్టార్ట్ చేశారు, పోయింది. ఎందుకు వచ్చిందో, ఎందుకు పోయిందో ఈ రోజుకీ ఎవరికీ తెలీదు. టికెట్ క్లోజ్ చేశాం. ఉద్యోగంలో చేరి ఆరేళ్ళయింది. నేను రాసిన ఒక్క లైను కూడా ఏ మెషీన్ మీద, ఏ చిప్పు మీద నడుస్తోందో నాకు తెలీదు. తెలియాల్సిన అవసరం రాలేదు కూడా. అది మంచిదే అంటారు, అబ్‌స్ట్రాక్షన్ అంటే అదే కదా. సరే, మంచిదే. కానీ నాకు ఆకలి తీరలేదు.

తమాషా ఏంటంటే, నేను తేల్చుకోలేకపోతున్న ఈ రెండు డబ్బాల్లో ఉన్న బుర్ర ఒకటే. 1975లో మోస్ టెక్నాలజీ అనే కంపెనీలో చక్ పెడిల్ టీమ్ 6502 అనే ప్రాసెసర్ తెచ్చింది. పోటీ చిప్పులు వంద డాలర్ల పైమాట పలుకుతున్న రోజుల్లో దీన్ని 25 డాలర్లకి అమ్మారు. దానికి ఒక చిన్న ఐఓ పోర్టు తగిలిస్తే కమోడోర్ 64లోని 6510. దాంట్లోంచి డెసిమల్ మోడ్ తీసేసి, సౌండ్ సర్క్యూట్ కలిపితే నింటెండో వాడిన రికో చిప్పు. కమోడోర్ 1982లో వచ్చింది, జపాన్‌లో ఫామికామ్ 1983 జూలైలో. ఆ ఫామికామే తర్వాత అమెరికాలో వేషం మార్చుకుని 1985లో ఎన్‌ఈఎస్ అయింది. క్లాక్ స్పీడు చూస్తే నింటెండోదే ఎక్కువ.

(ఈ 6502 మన దేశానికీ వచ్చింది. 1984-85లో క్లాస్ ప్రాజెక్టు కింద కొన్ని వందల స్కూళ్ళకి ఇచ్చిన బీబీసీ మైక్రోల్లో ఉన్నది ఇదే. వాటిని తయారుచేసిన ఏకార్న్ కంపెనీ వాళ్ళే, ఇంత చిన్న టీములు ప్రాసెసర్ చెయ్యగలిగితే మనమెందుకు చెయ్యలేం అనుకుని, 1985లో ఆర్మ్ చేశారు. ఇప్పుడు మీ జేబులో ఉన్న ఫోన్లో నడుస్తున్నది ఆ వంశమే.)

బుర్ర ఒకటే అయినా, స్విచ్ వేసి చూడండి. కమోడోర్ 64 నీలం తెర మీద తన పేరు చెప్పి, 38911 బేసిక్ బైట్లు ఖాళీగా ఉన్నాయి అని లెక్క అప్పజెప్పి, కింద రెడీ అని రాసి, కర్సర్ ఆడిస్తూ కూర్చుంటుంది. నువ్వు ఏదో ఒకటి టైప్ చేసేదాకా అలాగే కూర్చుంటుంది. పోక్ 53280 కామా 0 అని కొట్టారనుకోండి, తెర చుట్టూ ఉన్న బోర్డర్ నల్లగా మారిపోతుంది. మధ్యలో డ్రైవరు లేదు, పర్మిషను లేదు, ఫ్రేమ్‌వర్కు అసలే లేదు. ఆ నంబరు వీడియో చిప్పులో ఒక రిజిస్టరు అడ్రసు, అంతే. 53281కి వెళ్తే లోపలి రంగు. మెషీన్‌తో వచ్చిన బేసిక్‌లో బొమ్మలకీ పాటలకీ కమాండ్లు పెట్టలేదు కాబట్టి జనం ఇష్టం ఉన్నా లేకపోయినా ఇలా నేరుగా చిప్పుల్లో చెయ్యి పెట్టాల్సి వచ్చింది. కమోడోర్ అమ్మిన ప్రోగ్రామర్స్ రిఫరెన్స్ గైడ్ వెనక మడతపెట్టిన సర్క్యూట్ డయాగ్రమ్ కూడా ఉంది. ఈ రోజుల్లో ల్యాప్‌టాప్ డబ్బాలో సర్క్యూట్ డయాగ్రమ్ పెట్టి ఇస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఎన్‌ఈఎస్‌లో క్యాసెట్ పెట్టకుండా స్విచ్ వేస్తే తెర వెలిగి ఆరి, వెలిగి ఆరి, సెకనుకోసారి తన్నుకుంటుంది. చెడిపోయింది అనుకుంటాం. చెడిపోలేదు. లోపల ఒక కాపలా చిప్పు ఉంది, క్యాసెట్‌లో తన జోడీ చిప్పు కోసం వెతుకుతూ, అది దొరక్క ప్రాసెసర్‌ని పదే పదే రీసెట్ చేస్తోంది. అంటే నింటెండో అనుమతి లేని ప్రోగ్రామ్ నడవకూడదు. ఊరికే తిట్టడానికి లేదు, 1983లో అమెరికాలో చెత్త గేములు కుప్పలుగా వచ్చి మార్కెట్టే కూలిపోయింది, ఆ భయం వాళ్ళది. అందుకే క్యాసెట్లు వాళ్ళే తయారుచేసి ఇచ్చారు, ఒక కంపెనీ ఏడాదికి ఐదు గేములే అన్నారు. యాప్ స్టోర్ అనే ఊహ అక్కడే పుట్టింది అనుకుంటా నేను. వ్యాపారంగా చూస్తే వాళ్ళే గెలిచారు. ఎన్‌ఈఎస్ ప్రపంచమంతా 6 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. కమోడోర్ కంపెనీ 1994లో దివాలా తీసింది.

ఇక్కడ నా సొంత గోల కొంచెం చెప్పాలి.

ఈ రెండిట్లో నాకు కమోడోర్‌తో ఏ బంధమూ లేదు. నేను పుట్టేసరికే దాని కథ ముగిసింది. దాని మీద నోస్టాల్జియా అంటే ఇంకొకడి చిన్నతనాన్ని అప్పు తెచ్చుకోవడమే. నాది, మీలో చాలామందిది, పసుపు క్యాసెట్ల చిన్నతనం. ఫామికామ్‌కి నకళ్ళు, లోపల చిప్పు బదులు నల్లటి గుండ్రటి బొట్టు. 9999 గేములు అని రాసి ఉంటుంది, లెక్కపెడితే పదో పదిహేనో, మిగతావన్నీ అవే మళ్ళీ. కాంట్రా, ట్యాంకు, సర్కస్, తుపాకీతో బాతులు. పని చెయ్యకపోతే క్యాసెట్ తీసి ఉఫ్ఫని ఊదడం. (ఊదితే తేమకి పిన్నులు తుప్పుపడతాయి. పని చేసింది ఊదినందుకు కాదు, తీసి మళ్ళీ పెట్టినందుకు. ఇది తెలిసిన రోజు కాస్త బాధేసింది.)

2006లో, నేను మూడో క్లాసులో ఉండగా, నాన్న విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక షాపులో నాకు "కంప్యూటర్" కొన్నాడు. 900 రూపాయలు. అచ్చం కీబోర్డులా ఉంటుంది, టీవీకి తగిలించాలి. షాపువాడు "పిల్లాడి చదువుకి సార్" అన్నాడు. పెట్టె మీద కూడా కళ్ళద్దాల పిల్లాడు, భూగోళం బొమ్మ ఉన్నాయి. ఇంటికొచ్చాక రెండో రోజుకే నాకు అర్థమైంది, ఇది వీధి చివర వాళ్ళింట్లో ఉన్న వీడియో గేమే, పైన కీబోర్డు తొడుగు వేశారు అని. నాన్నకి చెప్పలేదు. చెప్తే వెనక్కిచ్చేస్తాడు కదా! నాన్న గదిలోకి వచ్చినప్పుడల్లా గబుక్కున టైపింగ్ క్యాసెట్ పెట్టేవాణ్ణి.

ఆ టైపింగ్ క్యాసెట్లోనే బేసిక్ అని ఒక ఐటమ్ ఉండేది. నింటెండోనే 1984లో జపాన్‌లో ఫామికామ్‌కి కీబోర్డు, బేసిక్ క్యాసెట్ అమ్మింది, ఈ నకళ్ళు ఆ దారిలో వచ్చినవే. చిన్న పుస్తకంలో ఉన్నది చూసి ఒక రోజు నాలుగు లైన్లు కొట్టాను. తెర నిండా నా పేరు పరిగెత్తింది. ఇంకా కొట్టాను. నాన్నకి చూపిద్దామని సాయంత్రం దాకా ఆపకుండా ఉంచా. ఆరింటికి కరెంటు పోయింది. వచ్చాక చూస్తే ఏమీ లేదు. దాచుకునే మార్గం ఆ డబ్బాలో లేనే లేదు. మళ్ళీ కొట్టాలనిపించలేదు, కాంట్రా పెట్టుకున్నా.

ఇప్పటికీ నాన్న చుట్టాల ముందు, "మావాడికి మూడో క్లాసులోనే కంప్యూటర్ కొనిచ్చా, అందుకే ఇంత వాడయ్యాడు" అంటాడు. నేను నోరు మూసుకుని బిర్యానీ తింటూ ఉంటా.

అందుకే నా ఓటు కమోడోర్‌కి. నోస్టాల్జియా ప్రకారం చూస్తే ఎన్‌ఈఎస్ కొనాలి, కానీ ఆ గేములు నేను ఆడేశాను. కీబోర్డు వేషం లేని అసలు కంప్యూటర్, నేను కొట్టింది దాచుకోగలిగేది, మొత్తం ఒక మనిషి బుర్రలో పట్టేది, అది నేను ఎప్పుడూ చూడలేదు. 64 కిలోబైట్లు, నాలుగైదు పెద్ద చిప్పులు. ఆరు నెలలు కూర్చుంటే ఏ అడ్రసులో ఏముందో కంఠతా వచ్చేస్తుంది. దాని 1541 డిస్క్ డ్రైవులో కూడా సొంతంగా ఒక 6502, 2 కిలోబైట్ల ర్యామ్ ఉన్నాయి. ఎన్‌ఈఎస్ మొత్తానికీ ఉన్న వర్కింగ్ ర్యామ్ అంతే! అయినా ఆ డ్రైవు సెకనుకి దాదాపు 400 బైట్లే చదువుతుంది, అది వేరే విషాదం.

ఎమ్యులేటర్ ఉచితంగా దొరుకుతుంటే ఇదంతా ఎందుకు? మంచి ప్రశ్నే, నేనూ నెల రోజులు వైస్ ఎమ్యులేటర్‌తోనే గడిపా. నేర్చుకోవడానికి అది చాలు. మీకు డబ్బు దండగ అనిపిస్తే అక్కడే ఆగండి, పాపం ఏమీ లేదు. కానీ దాని పక్క ట్యాబ్‌లో ఆఫీస్ మెయిల్ ఉంటుంది. పోక్ కొట్టి రెండు నిమిషాల్లో అటు వెళ్ళిపోతున్నా. నా రోగానికి నాకు వేరే డబ్బా కావాలి.

ఎన్‌ఈఎస్ కొనేవాళ్ళు తెలివితక్కువ వాళ్ళని కాదు. ఇంటికి నలుగురొస్తే, పిల్లలుంటే, అదే కొనండి. సూపర్ మారియో మొత్తం 40 కిలోబైట్లు, అందులో మేఘానికీ పొదకీ బొమ్మ ఒకటే, రంగు మార్చారంతే. అది తెలుసుకుని ఆడితే ఇంకా బాగుంటుంది. ఇప్పుడు ఫ్లాష్ క్యాసెట్లు వచ్చాయి కాబట్టి కాపలా చిప్పు దాటి మీ సొంత ప్రోగ్రామ్ కూడా నడపొచ్చు. సీసీ65 కంపైలర్ రెండు మెషీన్లకీ కోడ్ ఇస్తుంది. కానీ ఆ కోడ్ రాయడానికి పక్కన ఇంకో కంప్యూటర్ కావాలి. నా పేచీ అక్కడే.

కమోడోర్ కొనేవాళ్ళకి ఒకటే హెచ్చరిక, దాని పవర్ సప్లై. అమెరికాది 120 వోల్టులది, మన ప్లగ్గులో పెడితే పొగే. మన 230కి సరిపడే యూరప్ సెట్ కొన్నా, ఆ పాత అడాప్టర్ చెడిపోతే 5 వోల్టుల లైనులో ఎక్కువ వోల్టేజీ పంపి ర్యామ్ చిప్పుల్ని చంపేస్తుంది. బయట దొరికే మామూలు అడాప్టర్ పనికిరాదు, 5 వోల్టుల డీసీతో పాటు 9 వోల్టుల ఏసీ కూడా కావాలి. కొత్తగా తయారుచేసి అమ్ముతున్నవి ఉన్నాయి, ముందు అది కొని, ఆ తర్వాతే మెషీన్ కొనండి.

జర్మనీలో ఉన్న ఫ్రెండ్‌కి చెప్పా, సెలవులకి వచ్చేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకొస్తానన్నాడు. నిన్న రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు, పాత కంప్యూటర్ ఒకటి కొంటున్నాను నాన్నా అన్నా.

"పాతది కొనడమేంట్రా, మనది అటక మీద ఉందిగా. అది పట్టుకెళ్ళు."

అటక మీద ఉందన్న సంగతే నాకు తెలీదు. బాగుచెయ్యాలేమో అన్నాను. అడాప్టర్ ఒక్కటే లేదట, దాన్ని ఎప్పుడో రేడియోకి తగిలించేశారట. మిగతాదంతా పెట్టెతో సహా ఉందన్నాడు, భూగోళం బొమ్మతో. సంక్రాంతికి వెళ్ళినప్పుడు తెచ్చుకోవాలి. 9 వోల్టుల అడాప్టర్ అయితే ఇక్కడే దొరుకుతుంది.