నెట్టు ఆపితే కూలీ ఆపుతారా?

ఊరి చెత్త ఎత్తేదెవరు? మన పేటలోళ్ళే. ఎత్తిన లెక్క ఎక్కడుంది? ఫోనులో! 2021 అక్టోబర్ 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ పథకం మొదలుపెట్టి, ఇంటి గోడకి క్యూఆర్ కోడ్ అంటించారు. ఆసుపత్రి చెత్త సంచికీ బార్‌కోడే.

2022 మే 24 గుర్తుందా? కోనసీమ జిల్లాకి బాబాసాహెబ్ పేరు పెట్టొద్దంటూ అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ప్రభుత్వం ఇంటర్నెట్ ఆపేసింది. రోజుల తరబడి రాలేదు. నెట్టు లేదని ఏ ఇంట్లోనైనా చెత్త పుట్టడం ఆగిందా? ఆసుపత్రిలో సూది వాడకం ఆగిందా?

నెట్టు లేకపోతే స్కాను పైకి చేరదు. చేరకపోతే పని చేసినా చెయ్యనట్టే. అప్పుడు నిలదీసేది ఎవర్ని? నిప్పు పెట్టినోళ్ళని కాదు, చీపురు పట్టినోళ్ళని! "తర్వాత అంచనాకి ఎక్కించెయ్" అంటారు. అది దొంగలెక్క. తనిఖీలో దొరికేది కింద సంతకం పెట్టిన బడుగుజీవే.

చట్టం కాయితాన్ని తోసెయ్యలేదు. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో సరుకు పంపేవాడు రంగు రంగుల ఏడు ప్రతులు రాయాలని ఉంది. అదే ఏడాది వచ్చిన ఆసుపత్రి వ్యర్థాల నిబంధనలు బార్‌కోడ్ పెట్టమన్నాయి, రికార్డు 5 ఏళ్ళు దాచమన్నాయి. శుద్ధి చెయ్యని శరీర భాగాలు, నెత్తుటి దూది లాంటివి 48 గంటలకు మించి ఉంచకూడదన్నాయి. ఆ గడియారం నెట్టు కోసం ఆగదు కదా!

అందుకని రాయవరంలోనైనా అమలాపురంలోనైనా మనం అడగాల్సింది ఇదీ. ప్రతి పంచాయతీలో, ఆసుపత్రిలో పేజీ నంబర్లున్న రిజిస్టరు, కార్బన్ కాపీతో ఉండాలి. తేదీ, వేళ, ఇంటి నంబరో సంచి నంబరో, బరువు ఎత్తినప్పుడే రాయాలి. ఇచ్చినవాళ్ళు, తీసుకున్నవాళ్ళు ఇద్దరూ సంతకం పెట్టాలి. చదువు రానివాళ్ళకి చదివి వినిపించాకే వేలిముద్ర వేయించాలి. ఒక కాపీ కార్మికుడి చేతికివ్వాలి. నెట్టు వచ్చాక ఎక్కించేటప్పుడు పని జరిగిన తేదీ, ఎక్కించిన తేదీ విడివిడిగా చూపాలి. పాత తేదీ వేసి కప్పిపుచ్చకూడదు. నెట్టు ఆపిన ఉత్తర్వు నకలు దానికి జత చెయ్యాలి. అలాంటి ఉత్తర్వులు ప్రచురించాల్సిందేనని 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాచిపెట్టే హక్కు ఏ అధికారికీ లేదు.

కూలీ లెక్క ఆ రిజిస్టరు ప్రకారమే కట్టాలి. స్కాను పడలేదని ఒక్క పూట కూడా కొయ్యకూడదు.

తరతరాలుగా చెమట మనది, లెక్కపుస్తకం వాళ్ళది. పుస్తకం ఫోనుగా మారింది తప్ప పట్టుకున్న చెయ్యి మారలేదు. బాబాసాహెబ్ మనకిచ్చింది అక్షరం. దాంతో మన పనికి మనమే రుజువు రాసుకుందాం. అడగందే అమ్మయినా పెట్టదు. ఈసారి గ్రామసభలో లేచి నిలబడి అడగండి.

జై భీమ్!