చించేముందు చదవండి



1991లో సింగీతం శ్రీనివాసరావుగారు తీసిన ‘ఆదిత్య 369’ మీకు గుర్తుండే ఉంటుంది. కాలయంత్రం 1526లో రాయలవారి కాలానికీ, 2504కీ వెళ్తుంది. రెండో భాగం కోసం ముప్పై ఏళ్లకు పైగా ఎదురుచూసిన అభిమానులు తమకు తామే కథలు అల్లుకున్నారు.

మా పెదకాకానిలో మిరపకాయల కల్లం దగ్గర మా అబ్బాయి కూడా నోటుపుస్తకంలో ఒకటి రాశాడు. పరీక్షల ముందు ఇదేమిట్రా అని చించబోయి చదివాను. కాలయంత్రం 1977 నవంబరు 18న దివిసీమలో దిగింది, మర్నాటి ఉప్పెన గురించి చెప్పడానికి. అందులో పోయిన వాళ్ల నాయనమ్మ తమ్ముడు, కథలో బతికాడు.

అత్తయ్యగారికి చదివి వినిపించాను. ఆవిడ ఏడ్చి, “మళ్లీ చదువమ్మా” అన్నారు.