ఎవరి నొప్పిని నమ్ముతారు?

పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉండగా నాకు ఒళ్ళంతా నొప్పులు మొదలయ్యాయి. మెడ, భుజాలు, నడుము, మోకాళ్ళు. ఎనిమిది గంటలు పడుకున్నా నిద్రపోయినట్టు ఉండేది కాదు. చదివిన పేరానే మళ్ళీ మళ్ళీ చదవాల్సి వచ్చేది. రక్త పరీక్షలు, ఎక్స్‌రేలు అన్నీ మామూలుగానే వచ్చాయి. ఒక పెద్దాసుపత్రిలో డాక్టర్ మా ఊరు, అమ్మానాన్నల పని అడిగి తెలుసుకుని, "కూలి చేసుకునే ఇంటి పిల్లవి, ఈ మాత్రం నొప్పికే ఇంత భయమా?" అని నవ్వారు. ఫైబ్రోమయాల్జియా అనే పేరు వినడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది.

ఆ రోజు ఫోన్‌లో అమ్మకు లక్షణాలన్నీ ఒక్కొక్కటిగా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నాకు గూడ గిట్లనే ఉంటది గద బిడ్డా. దీనికి పేరు గూడ ఉన్నదా?" అంది. ముప్పై ఏళ్ళుగా నాట్లేసి, కలుపు తీసి, పత్తి ఏరిన మనిషి. ఊళ్ళో ఆర్‌ఎంపీ వేసే నొప్పి సూది, నాలుగు గోలీలు. ఆమెకు తెలిసిన వైద్యం అంతే. అమ్మది కూడా ఇదే జబ్బని నేను చెప్పలేను. ఎందుకంటే ఆమెను కూర్చోబెట్టి అడిగిన డాక్టరే లేడు.

శాస్త్రం మాత్రం చాలా దూరం వచ్చింది. 1990లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ఒంటి మీద 18 చోట్ల నొక్కి చూసి, కనీసం 11 చోట్ల నొప్పి ఉండాలనేది. 2010లో ఆ పద్ధతి పక్కన పెట్టి నొప్పి ఎక్కడెక్కడ ఉంది, నిద్ర, అలసట, జ్ఞాపకశక్తి ఎలా ఉన్నాయి అని రోగినే అడగమంది. గాయం కనిపించకపోయినా నాడీవ్యవస్థ నొప్పిని గ్రహించే తీరు మారడం వల్ల వచ్చే నొప్పికి 2017లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 'నోసిప్లాస్టిక్' అని పేరు పెట్టింది. 2020లో అదే సంఘం నొప్పి నిర్వచనాన్ని సవరిస్తూ, తనకు నొప్పి ఉందని మనిషి చెప్పే మాటను గౌరవించాలని రాసింది. 2021లో బ్రిటన్, స్వీడన్ పరిశోధకులు ఈ జబ్బు ఉన్నవాళ్ళ రక్తంలోని యాంటీబాడీలను ఎలుకలకు ఎక్కిస్తే వాటికి ఒత్తిడి, చలి భరించలేని నొప్పిగా మారాయి. ఆరోగ్యవంతుల యాంటీబాడీలతో అలా జరగలేదు. 2025 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ పడుకునే ముందు నాలుక కింద పెట్టుకునే సైక్లోబెంజాప్రిన్ మాత్రను ఫైబ్రోమయాల్జియాకు అనుమతించింది. నొప్పితో పాటు నిద్ర కూడా చికిత్సలో భాగమని దాని వెనకున్న ఆలోచన.

అయితే ఇప్పటికీ గట్టి ఆధారం ఉన్న చికిత్స మాత్ర కాదు. యూరప్ రుమటాలజీ సమాఖ్య 2016లో సవరించిన సిఫార్సుల్లో 'బలమైన' సిఫార్సు ఒక్క వ్యాయామానికే దక్కింది. ఈ మాట అమ్మకు చెబితే నవ్వింది. పొద్దంతా బురదలో నడుం వంచే మనిషికి వ్యాయామమా? కానీ కూలిపని వ్యాయామం కాదు. వ్యాయామంలో ఎంత చేయాలో, ఎప్పుడు ఆగాలో మన చేతుల్లో ఉంటుంది. కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతాం, అలసిపోతే ఆగుతాం. నాట్లలో ఆగితే కూలి పోతుంది. ఒళ్ళు వంచడం ఒకటే అయినా, దాని మీద అధికారం ఎవరిదన్నదే తేడా. ఈ దేశంలో ఆ అధికారాన్ని పంచింది కులం. ఈ జబ్బుకు చికిత్స అంటే తీరిక, నిద్ర, నమ్మే డాక్టర్. మూడూ కూడా అందరికీ సమానంగా లేవు.

ఇది ఊహ అనుకునేవారికి ఒక అధ్యయనం గుర్తు చేస్తాను. 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు వైద్య విద్యార్థులను, రెసిడెంట్లను ప్రశ్నిస్తే, వారిలో దాదాపు సగం మంది నల్లవారి చర్మం మందంగా ఉంటుందన్న లాంటి అబద్ధాల్లో ఒక్కటైనా నమ్మారు. అలా నమ్మినవారే నల్లజాతి రోగి నొప్పిని తక్కువగా అంచనా వేశారు. 'కష్టానికి అలవాటు పడ్డ ఒళ్ళు' అని మన దగ్గర వినిపించే మాట దీనికి తోబుట్టువే. నొప్పి మీద నేను చదివిన భారతీయ పరిశోధనా పత్రాల్లో వయసు ఉంది, లింగం ఉంది, కులం అనే గడి లేదు. గడి లేకపోతే తేడా లేదని కాదు, ఎవరూ చూడలేదని.

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో ఫైబ్రోమయాల్జియా పేరు లేదు. సర్టిఫికెట్ లేదు కాబట్టి హాస్టల్లో కింది అంతస్తు గది అడిగే హక్కు నాకు లేదు. నొప్పితో రాయలేకపోయిన రోజులు ఫైల్లో 'పురోగతి లేదు' అని నమోదవుతాయి. రిజర్వేషన్లో వచ్చిన పిల్ల బద్ధకం అని ఆ ఖాళీని పూరించడానికి కొందరు సిద్ధంగా ఉంటారు.

బాబాసాహెబ్ రాజ్యాంగ ముసాయిదా పనిలో ఉన్న 1948లోనే కాళ్ళ నరాల నొప్పితో, నిద్రలేమితో బాధపడ్డారు. తర్వాత 'ద బుద్ధ అండ్ హిజ్ ధమ్మ'లో దుఃఖం ఉందని గుర్తించడం, దాన్ని తొలగించే దారి చూపడం ధమ్మానికి పునాది అన్నారు. గుర్తించడమే మొదటి మెట్టు.

కాబట్టి అడగాల్సినవి స్పష్టమే. నొప్పి మీద జరిగే ప్రతి అధ్యయనం కులాన్నీ, చేసే పనినీ నమోదు చేయాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సూది వేసే ముందు నిద్ర, అలసట గురించి అడగడం నేర్పాలి. దీర్ఘకాలిక నొప్పిని వైకల్య చట్టంలో చేర్చాలి. పరిశోధకులుగా మొదటిది మన చేతుల్లోనే ఉంది. మన ప్రశ్నావళుల్లో ఆ గడి మనమే పెట్టవచ్చు.

అమ్మ ఇంకా నాట్లకు పోతూనే ఉంది. ఆమెను పరీక్షించి పేరు చెప్పే డాక్టర్ కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాను.