చక్రాల ఇంటికి ఆకాశవాణి

భిలాయిలోని తెలుగు కుటుంబానికి రెండు ఇళ్ళుంటాయని చెప్పవచ్చు. ఒకటి సెక్టారులోని క్వార్టరు. రెండవది పండుగకో పెళ్ళికో ఊరు చేర్చే వాహనం. రాయపూరు మీదుగా రైలున్నా, బామ్మలను, పసిపిల్లలను, పచ్చడి జాడీలను, పరుపుచుట్టలను ఒకే వాహనంలోకి ఎక్కించుకుని ధమ్తరి, జగదల్‌పూర్, కోరాపుట్, సాలూరుల మీదుగా విజయనగరం దిగేవారు ఇప్పటికీ ఉన్నారు. ఈ మధ్య ఉద్యోగ విరమణ చేసిన కొందరు మరొక అడుగు ముందుకు వేశారు. పాత మినీబస్సును కొని, సీట్లు పీకించి, రెండు మంచాలు, ఒక పొయ్యి అమర్చుకుని తిరుగుతున్నారు. ఆంగ్లేయులు దీనిని కారవాన్ అంటారు. మనకు బిడారు అనే చక్కని మాట ఉన్నది గాని, అది వర్తకుల గుంపుకు చెల్లినంతగా ఒంటి బండికి చెల్లదు. అనువాదమే వృత్తిగా గల నాకు ‘చక్రాల ఇల్లు’ అనడమే సుఖంగా తోచింది.

అటువంటి ఇంటి యజమాని ఒకరు ఇటీవల ఒక సమస్యతో వచ్చారు. ఆయన భార్యకు కొన్నేళ్ళుగా చూపు లేదు. టెలివిజన్ ఆమెకు వృథా. భిలాయిలో పెరిగిన మనుమలు ఆమెతో హిందీలోనే మాట్లాడతారు. రోజులో ఆమె చెవిని పడే తెలుగు ఇద్దరి గొంతులది మాత్రమే: భర్తది, రేడియోది. నెలల తరబడి ప్రయాణంలో ఉన్నప్పుడు ఆ రెండవ గొంతు తెగిపోకుండా ఉండాలి. ఖర్చు పింఛనుకు లోబడాలి. అమెరికాలోని కుమారుడు ఉపగ్రహ రేడియో యంత్రాన్ని పంపుతానంటున్నాడు, తెప్పించుకోవచ్చునా అని ఆయన ప్రశ్న.

వద్దనే చెప్పాను. అక్కడ చక్రాల ఇళ్ళలో తిరిగేవారు ఉపగ్రహ రేడియోను మెచ్చుకోవడం నిజమే. 2001లో ఎక్స్‌ఎం, ఆ వెనువెంటనే సిరియస్ సంస్థలు ప్రసారాలు మొదలుపెట్టి, 2008లో ఒక్కటైనాయి. ఒక తీరం నుంచి మరొక తీరం దాకా వాహనం నడిచినా పాట మారదు. కాని ఆ ఉపగ్రహాల వెలుగు ఉత్తర అమెరికా మీదనే పడుతుంది. ఆ యంత్రం భిలాయికి వస్తే బల్లమీద కాగితాలు ఎగరకుండా పెట్టుకోవడానికి తప్ప పనికిరాదు.

మన దేశానికి అటువంటి సేవ ఎన్నడూ రాలేదని కాదు. ఇథియోపియాలో జన్మించిన నోవా సమారా 1990లో స్థాపించిన వరల్డ్‌స్పేస్ సంస్థ 2000 మార్చిలో ఆసియాస్టార్ ఉపగ్రహాన్ని పంపింది. అరచేయంత యాంటెన్నాను కిటికీలో ఆగ్నేయానికి తిప్పిపెడితే చాలు, గరగరలు లేని సంగీతం వినవచ్చేది. కర్ణాటక సంగీతానికి శ్రుతి, హిందుస్తానీకి గాంధర్వ్, మన తెలుగుకు స్పందన అనే చానళ్ళు ఉండేవి. ఆంధ్రదేశానికి దూరంగా ఉన్నవారికి అది పెన్నిధి. ఆ సంస్థ చందాదారులలో అధిక సంఖ్యాకులు భారతీయులే. అయినా అప్పులభారం తాళలేక 2008 అక్టోబరులో దివాలా రక్షణ కోరింది. 2009 డిసెంబరు 31న మన దేశంలో ఆ గొంతు మూగపోయింది. ముందుగా చందా కట్టినవారి సొమ్ము మాట అటుంచి, ఆ రేడియో పెట్టె మరే ప్రసారాన్నీ పట్టలేదన్నది అసలు బాధ. ఇప్పటికీ పాత సామాను అంగళ్ళలో ఎవరైనా ‘ఉపగ్రహ రేడియో, చౌక’ అని చూపితే చేయి చాచకండి.

అంతకు ముందు మన పెద్దలు ఎలా విన్నారు? 1955లో సోవియట్ దేశంతో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి కొలిమిని ప్రారంభించిన ఈ కర్మాగారానికి ఉత్తరాంధ్ర నుంచి కూలీలుగా, ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా వచ్చినవారు చీకటి పడేదాకా కాచుకునేవారు. విశాఖపట్నం కేంద్రం మీడియం వేవ్‌లో 927 కిలోహెర్ట్జ్ మీద పలికేది. నాలుగు వందల కిలోమీటర్లు దాటిన దూరం. పగలు చెవికి అందదు. సూర్యకాంతి వలన ఏర్పడే అయనావరణపు కింది పొర ఆ తరంగాలను మింగివేస్తుంది. సూర్యాస్తమయంతో ఆ పొర కరగిపోగా, పై పొర అద్దమై తరంగాలను తిరిగి నేలకు వంచుతుంది. రాత్రి షిఫ్టు నుంచి వచ్చినవాడు విశాఖ వార్తల చివరి ముక్కను పట్టుకోగలగడం వెనుక ఉన్న రహస్యం ఇంతే. నేడు మీడియం వేవ్ కేంద్రాలు ఒక్కొక్కటిగా తగ్గుతున్నందున, దాని మీదనే ఆధారపడమని ఎవరికీ చెప్పలేను.

ఇక నా సలహా. దూరదర్శన్ వారి ఉచిత డిష్ సేవ 2004 డిసెంబరులో మొదలైంది. దీనికి నెలవారీ చందా లేదు. జనం దానిని టెలివిజన్‌కే పరిమితమనుకుంటారు. కాని అదే పెట్టెలో వివిధ భాషల ఆకాశవాణి ప్రసారాలున్నాయి, తెలుగు కూడా ఉన్నది. పెట్టె, డిష్, తీగ కలిపి మామూలుగా రెండు వేల రూపాయలకు అటూ ఇటూ. మా బజారులో దీనిని ఛత్రీ అంటారు, మన గొడుగే. కొనేముందు అంగడిలోనే రేడియో జాబితా తెరిపించి, తెలుగు వినిపించాకనే డబ్బు ఇవ్వండి, జాబితాలు మారుతూంటాయి.

ఈ ప్రసారాలు 2015 నవంబరులో ప్రయోగించిన జీశాట్-15 నుంచి వస్తున్నాయి. అది భూమధ్యరేఖపై 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచి ఉన్నది. ఇక్కడ ఒక చిన్న లెక్క ప్రయాణికునికి వరమవుతుంది. భిలాయి నుంచి చూస్తే ఆ ఉపగ్రహం దిక్సూచిలో 150 డిగ్రీల దరిదాపున, అంటే దక్షిణాగ్నేయంలో, నేలకు సుమారు 62 డిగ్రీల ఎత్తున ఉంటుంది. విశాఖ చేరాక కూడా దిక్కు అదే. ఎత్తు మాత్రం 66కు పెరుగుతుంది. కాబట్టి దారి పొడుగునా ఏ ఢాబా వద్ద ఆగినా డిష్‌ను ఒకే దిక్కుకు తిప్పి, వంపును కాస్త సవరిస్తే సరిపోతుంది. పళ్ళెం చూడటానికి అంతకంటే నిటారుగా కనిపిస్తుంది గనుక కంగారుపడవద్దు. దాని నిర్మాణమే అటువంటిది. చెట్టు కింద మాత్రం ఆపకండి. ఆకులు చాలు అడ్డం కావడానికి. జోరువానలో కూడా గొంతు తెగుతుంది. ఈ తరంగాలు సన్ననివి, చినుకులు వాటిని పీల్చుకుంటాయి. పాత వరల్డ్‌స్పేస్‌కు ఆ బెడద అంతగా లేదు, అది వాడినవి పొడవైన తరంగాలు.

టెలివిజన్ తెర అవసరం ఒక్క మొదటిసారే. చానలు నంబరు తెలిశాక, పెట్టె వెనుకనున్న ఎరుపు, తెలుపు గుండీలకు చిన్న స్పీకరు తగిలించి, రిమోట్ మీద ఆ నంబరు నొక్కితే చాలు. కళ్ళు లేనివారికి ఆ అంకెలపై చుక్క జిగురు అంటిస్తే వేలితో గుర్తుపడతారు. విద్యుత్తు విషయంలో మాత్రం జాగ్రత్త. చాలా పెట్టెలు 12 వోల్టుల అడాప్టరుతో నడుస్తాయి, వాహనపు బ్యాటరీ అదే అయితే సులువు. పెద్ద లారీలలో, బస్సులలో 24 వోల్టులు ఉండవచ్చు. తిన్నగా తగిలిస్తే పెట్టె కాలిపోతుంది. ఎలక్ట్రీషియను చేత తగ్గించే పరికరం, ఫ్యూజు పెట్టించుకోవాలి.

ఇదంతా బండి ఆగి ఉన్నప్పటి మాట. కదిలే వాహనంపై డిష్ తనంతట తానే ఉపగ్రహాన్ని వెంబడించే యంత్రాలున్నాయి గాని, అవి పింఛనుదారుని కోసం తయారైనవి కావు. కదులుతున్నంతసేపు చేతిఫోనే ఉత్తమం. ఆకాశవాణి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో దేశంలోని రెండు వందలకు పైగా కేంద్రాల ధారలు ఉచితంగా లభిస్తాయి. సెకనుకు 64 కిలోబిట్ల ధార గంటకు దాదాపు 29 మెగాబైట్లు తీసుకుంటుంది. రోజంతా విన్నా ఒక సినిమా చూసినంత డేటా కాదు. అయితే కేశ్‌కాల్ ఘాటు మలుపులలో, బస్తరు అడవులలో ఫోను మూగబోతుంది. అక్కడికి ముందుగా కొన్ని గంటల పాటలు, హరికథలు మెమరీ కార్డులోకి ఎక్కించి పెట్టుకోవడం మేలు.

ఆకాశవాణి అనే పేరును ఎం.వి. గోపాలస్వామి 1935లో మైసూరులో తాను నెలకొల్పిన కేంద్రానికి పెట్టిన నాడు, ఆ వాణి నిజంగా ఆకాశం నుంచే దిగుతుందని ఎవరూ ఊహించి ఉండరు. ఆయన ఛత్రీ కొన్నారు. దానిని బస్సుపై శాశ్వతంగా బిగించవద్దని, ఊడదీసి నేలపై నిలిపే మూడుకాళ్ళ పీట చేయించుకోమని చెప్పాను. వెల్డింగు చేసేవారికి మా ఊరిలో కొదవలేదు.