సఫర్ ముగిశాక మిగిలే హిసాబ్

లీడర్‌షిప్ మీద తఖ్రీర్లు చేసేవాళ్ళకు ఎర్నెస్ట్ షేకిల్టన్ కిస్సా అంటే మహా ఇష్టం. అంటార్కిటికాను ఈ కొస నుంచి ఆ కొసకు దాటాలని 1914లో 'ఎండ్యూరెన్స్' ఓడలో బయలుదేరాడు. 1915 జనవరిలో ఓడ మంచులో ఇరుక్కుంది, నవంబరులో మునిగిపోయింది. 28 మంది నెలల తరబడి తేలే మంచు మీదే కాలం గడిపి, చివరికి మూడు చిన్న పడవల్లో ఎలిఫెంట్ దీవి చేరారు. అక్కడి నుంచి షేకిల్టన్‌తో కలిపి ఆరుగురు ఒక పడవలో మహాసముద్రం దాటి మదద్ కోసం వెళ్ళారు. మిగిలిన 22 మందిని తెచ్చుకోవడానికి మూడుసార్లు వెళ్ళి మంచు అడ్డుపడి వెనక్కి తిరిగాడు. నాలుగోసారి, 1916 ఆగస్టు 30న, చిలీ ఓడ 'యెల్చో'లో వెళ్ళి అందరినీ సలామత్‌గా తెచ్చాడు.

అమీర్ అంటే ఇలా ఉండాలి, కాదనను. తన వెంట వచ్చినవాళ్ళ ప్రాణాలను అమానత్ అనుకున్నాడు. కానీ తఖ్రీర్లు ఇక్కడితో ఆగిపోతాయి. నాకు మాత్రం ఆ తర్వాతి సంగతే ముఖ్యం అనిపిస్తుంది.

ఆ బృందంలో హ్యారీ మెక్‌నిష్ అనే వడ్రంగి ఉన్నాడు. నోటి దురుసు మనిషి. ఓడ మునిగాక, మంచు మీద బరువైన పడవలను లాగే రోజుల్లో ఎదురు తిరిగాడు. ఓడే లేనప్పుడు ఓడ కరారు ఎక్కడిదన్నది అతని వాదన. షేకిల్టన్ ఆ జిద్దును అణచాడు. అయితే ఆరుగురు ఎక్కిన ఆ పడవకు అంచులు ఎత్తు చేసి, పెట్టె చెక్కలతో, కాన్వాసు గుడ్డతో పైకప్పు వేసింది ఈ మెక్‌నిషే. ఆ ఆరుగురిలో అతనూ ఒకడు. ఒడ్డు చేరాక కొండలు దాటాల్సి వస్తే, మంచు మీద కాలు జారకుండా బూట్ల అడుగున స్క్రూలు బిగించి ఇచ్చిందీ అతనే.

సఫర్ ముగిసింది. పోలార్ మెడల్స్ పంచారు. నలుగురికి ఇవ్వలేదు. అందులో మెక్‌నిష్ ఒకడు. సాటి ప్రయాణికుడు డాక్టర్ మాక్లిన్ కూడా తర్వాతి కాలంలో ఇది నాఇన్సాఫీ అన్నాడు. మెక్‌నిష్ 1930లో న్యూజిలాండ్‌లో పేదరికంలో ఇంతిఖాల్ అయ్యాడు. దాదాపు ముప్పై ఏళ్ళు అతని ఖబర్ మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు.

షేకిల్టన్ పక్షాన ఒక మాట ఉంది. ఆ మంచులో ఒక్కడు హుకుం ధిక్కరిస్తే అందరి జాన్ పోవచ్చు. నిజమే. అందుకే ఆ రోజు గట్టిగా మందలించడం సరైనదే. కానీ ఆపద దాటి ఇల్లు చేరాక కూడా ఆ ఒక్క రోజునే లెక్కలోకి తీసుకుని, అతని చేతులు చేసిన ఖిద్మత్‌ను పక్కన పెట్టడం ఏం ఇన్సాఫ్?

మన సఫర్లలో మంచు లేదు గానీ ఈ హిసాబ్ ఉంది. నలభై రోజుల హజ్ గ్రూపులోనో, జమాత్‌లోనో కలిసి తిరిగినవాళ్ళు వచ్చాక ఏం చెప్పుకుంటారో వినండి. ఫలానా భాయి వంట దగ్గర విసుక్కున్నాడు, ఫలానా ఖాలా బస్సులో సీటు కోసం గొడవ పడింది అంటారు. ఆ భాయే ముసలాయన వీల్‌చైర్‌ను ఎండలో తోసుకెళ్ళాడని, ఆ ఖాలాయే జ్వరం వచ్చినవాళ్ళకు రాత్రంతా తడిగుడ్డ వేసిందని ఎవరికీ జ్ఞాపకం రాదు.

బయలుదేరే ముందు ఇంటింటికీ వెళ్ళి "కహా సునా మాఫ్ కరో" అనడం మనకు ఉన్న మంచి రివాజు. తిరిగొచ్చాక హంసఫర్ల ఇళ్ళకూ వెళ్ళాలని నా అభిప్రాయం. ముందుగా, దారిలో మనతో తగాదా పడినవాళ్ళ ఇంటికే. మాఫీ ఒక్కటే చాలదు. వాళ్ళు చేసింది పేరుపేరునా చెప్పి, వాళ్ళ పిల్లల ముందే షుక్రియా చెప్పి రావాలి. అది వాళ్ళ హక్.